మానవ పీడీ-ఎల్1 రీకాంబినెంట్ ప్రొటీన్: మన ల్యాబుల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట మొదలుకొని కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ దాకా ఎంఎస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీ పనికో ఈ రీకాంబినెంట్ (వేరే కణాల్లో జన్యువు పెట్టి తయారుచేసిన) ప్రొటీన్ తెప్పించుకునేవాళ్ళకు మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు ఇవి. చాలా చిక్కులు ఒక్క చోటే మొదలవుతాయి. ట్యూబు మీద పీడీ-ఎల్1 అని రాసి ఉంటే చాలు, లోపలిదంతా ఒకటే సరుకు అనుకుంటాం. నిజానికి అది ఏ ముక్క, ఏ కణంలో తయారైంది, చివర ఏ ట్యాగ్ (వేరుచేయడానికి, గుర్తుపట్టడానికి తగిలించిన అదనపు ముక్క) ఉంది, ఒంటిగా ఉందా జంటగా ఉందా అన్న నాలుగు సంగతుల మీదే ప్రయోగం నిలబడుతుంది.

పీడీ-ఎల్1 చేసే పని ఏమిటి? ట్యూబులో వచ్చేది పూర్తి ప్రొటీనేనా?

ఇది కణాల పైపొర మీద నిలబడి ఉండే ప్రొటీన్. టీ కణం (రోగనిరోధక దాడి చేసే తెల్లకణం) మీదున్న పీడీ-1 అనే ప్రొటీన్‌తో జతపడి, ఆ టీ కణం దాడిని తగ్గిస్తుంది. క్యాన్సర్ కణాలు చాలాసార్లు దీన్ని ఎక్కువగా తయారుచేసుకుని తప్పించుకుంటాయి. పీడీ-1ను తసుకు హోంజో బృందం 1992లో గుర్తించింది. పీడీ-ఎల్1 మొదట 1999లో బీ7-హెచ్1 అన్న పేరుతో వెలుగులోకి వచ్చింది. హోంజోకు, జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది ఈ రకం 'బ్రేకుల' మీద చేసిన పనికే. క్యాటలాగులో వెతికేటప్పుడు బీ7-హెచ్1, సీడీ274 అన్న పేర్లతో కూడా వెతకండి. మూడూ ఒకటే.

పూర్తి ప్రొటీన్ పొడవు 290 అమైనో ఆమ్లాలు. మొదటి 18 దారి చూపే సంకేతం మాత్రమే, కణం వాటిని కోసి పారేస్తుంది. 19 నుంచి 238 వరకు కణం బయట ఉంటుంది, ఆ తర్వాతి 21 పొరలో దిగబడి ఉంటాయి, చివరి 31 కణం లోపల. ట్యూబులో వచ్చేది దాదాపు ఎప్పుడూ బయటి భాగమే. పొరలో ఉండే భాగం జిడ్డు స్వభావం కలది, డిటర్జెంట్ లేకుండా నీళ్ళలో పెడితే ముద్ద కడుతుంది. పీడీ-1 అతుక్కునేది బయటి భాగానికే కాబట్టి బైండింగ్ ప్రయోగాలకు ఇది చాలు. కణం లోపలి సంకేతాలు చూడాలనుకుంటే మాత్రం ఈ ట్యూబు పనికిరాదు, పీడీ-ఎల్1 ఉన్న కణాలే కావాలి.

హిస్ ట్యాగ్ ఉన్నది కొనాలా, ఎఫ్‌సీ ఉన్నది కొనాలా?

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. అందుకే కొంచెం లెక్క చూద్దాం.

పీడీ-1, పీడీ-ఎల్1 ఒకదానికొకటి గట్టిగా అతుక్కునేవి కావు. ఒంటి అణువు, ఒంటి అణువు మధ్య పట్టు సుమారు 8 మైక్రోమోలార్ (సగం జతపడే గాఢత ఇది, ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి). హిస్ ట్యాగ్ (కొన్ని హిస్టిడిన్ల చిన్న ముక్క) ఉన్న పీడీ-ఎల్1 బరువు సుమారు 26 కిలోడాల్టన్లు అనుకుంటే, 8 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాముల పైమాటే. ఎలైసాలో (ప్లేటు మీద ప్రొటీన్ పూసి, అతుక్కున్నదాన్ని రంగుతో కొలిచే పరీక్షలో) మనం వాడేది మిల్లీలీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములు, అంటే వందో వంతు. పైగా నాలుగైదు సార్లు కడుగుతాం. ఒంటిగా ఉన్న పీడీ-1 హిస్‌ను, ఒంటిగా ఉన్న పీడీ-ఎల్1 హిస్‌తో కలిపితే కడుగులోనే అంతా కొట్టుకుపోతుంది. ప్రొటీన్ చెడిపోయిందని కంపెనీకి ఉత్తరాలు రాసేవాళ్ళలో చాలామంది చేసింది ఇదే.

ఎఫ్‌సీ అంటే యాంటీబాడీ తోక భాగం. దాన్ని తగిలిస్తే రెండు గొలుసులు డైసల్ఫైడ్ బంధాలతో ముడిపడి జంట అవుతాయి. ఒక చేయి జారినా ఇంకో చేయి పట్టుకుని ఉంటుంది. అందువల్ల బైండింగ్ ఎలైసాలో కనీసం ఒక వైపు ఎఫ్‌సీ ఉండాలి. మామూలుగా ప్లేటు మీద పీడీ-ఎల్1 హిస్ పూసి, పైన పీడీ-1 ఎఫ్‌సీ పోయడం శుభ్రమైన అమరిక. రెండు వైపులా మానవ ఎఫ్‌సీ ఉన్నవి కొంటే మాత్రం రెండో యాంటీబాడీ ప్లేటు మీద పూసిన దాన్నే పట్టుకుంటుంది, పీడీ-1 పోయని వెల్స్ కూడా ముదురు రంగులోకి వస్తాయి.

నిజమైన పట్టు విలువ కొలవాలంటే, అంటే ఎస్‌పీఆర్ (అణువులు అతుక్కోవడం, విడిపోవడం నేరుగా కొలిచేది) లాంటి యంత్రం మీద, అక్కడ ఒంటి హిస్ రూపమే సరైనది. ఎఫ్‌సీ జంటతో కొలిచి 'నానోమోలార్ పట్టు వచ్చింది' అని థీసిస్‌లో రాస్తే, చదివిన పరీక్షకుడు మొదట అడిగేది దీని గురించే. టీ కణాలను ఆపే ప్రయోగానికి ఎఫ్‌సీ రూపమే తీసుకోండి.

ఈ. కోలై బ్యాక్టీరియాలో తయారైనది చవకగా దొరుకుతోంది. అది చాలదా?

కొన్నింటికి చాలు. పీడీ-1 తాకేది పీడీ-ఎల్1 మొదటి డొమైన్‌ను (విడిగా మడతపడే భాగాన్ని) మాత్రమే, ఆ తాకుడుకు చక్కెరల అవసరం లేదు. ఆ డొమైన్‌ను ఈ. కోలైలో తయారుచేసి, ముద్దగా పడినదాన్ని మళ్ళీ మడతపెట్టి, స్ఫటిక నిర్మాణాలు తీసినవాళ్ళున్నారు. చిన్న అణువులు అతుక్కుంటాయా అని చూడడానికి అది బాగానే పనిచేస్తుంది.

యాంటీబాడీలు పరీక్షించేవాళ్ళు, టీ కణాల మీద పోసేవాళ్ళు మాత్రం హెక్293 (మానవ) లేదా సీహెచ్‌ఓ (హ్యామ్‌స్టర్) కణాల్లో తయారైనదే తీసుకోవాలి. మొదటి కారణం చక్కెరలు: మానవ పీడీ-ఎల్1 మీద 35, 192, 200, 219 స్థానాల్లో చక్కెర గొలుసులు ఉంటాయి, కొన్ని యాంటీబాడీల పట్టు వాటి వల్ల మారుతుంది. రెండో కారణం ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పైపొర నుంచి వచ్చే విషం), దాని సంగతి కింద ఉంది. మళ్ళీ మడతపెట్టిన సరుకులో సరిగ్గా మడత పడనిది ఎంత ఉందో జెల్ చెప్పలేదు. జెల్ మీద రెండూ ఒకే గీతగా కనిపిస్తాయి. అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ క్రోమటోగ్రఫీ పటం ఇమ్మని అడగండి.

లెక్క ప్రకారం 26 కిలోడాల్టన్లు రావాలి, జెల్ మీద 40 దగ్గర వెడల్పు మచ్చలా వచ్చింది. వేరే ప్రొటీన్ పంపారా?

లేదు. చక్కెరలు కలిగిన ప్రొటీన్ అలాగే నడుస్తుంది. చక్కెరలు బరువు పెంచుతాయి. ఒక్కో అణువు మీద ఒక్కోలా ఉంటాయి కాబట్టి గీత సన్నగా కాకుండా పాకినట్టు వస్తుంది. హెక్293 నుంచి వచ్చిన హిస్ రూపం 35 నుంచి 45 మధ్య కనిపించడం మామూలే. ఎఫ్‌సీ రూపంలో ఒక గొలుసు లెక్క 51 అయితే డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలను తెంచే రసాయనం) వేసిన జెల్ మీద 60 నుంచి 75 మధ్య, డీటీటీ వేయకపోతే దానికి రెట్టింపు చోట ఉంటుంది.

అనుమానం తీరాలంటే చక్కెరలను కోసేసే పీఎన్‌గేజ్-ఎఫ్ ఎంజైమ్ వాడండి. 5 మైక్రోగ్రాముల ప్రొటీన్‌ను 0.5 శాతం ఎస్‌డీఎస్, 40 మిల్లీమోలార్ డీటీటీలో 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి చల్లార్చండి. తర్వాత ఎన్‌పీ-40 అనే డిటర్జెంట్‌ను 1 శాతం అయ్యేలా కలిపి, ఆ తర్వాతే ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర గంట పెట్టండి. ఎన్‌పీ-40 మరిచిపోతే ఎస్‌డీఎస్ ఎంజైమ్‌ను చంపేస్తుంది, గీత కదలదు. అన్నీ సరిగ్గా జరిగితే మచ్చ లెక్కకు దగ్గరగా, సన్నని గీతగా దిగుతుంది. 36 కిలోడాల్టన్ల దగ్గర కొత్త గీత కనిపిస్తే కంగారు పడకండి, అది పీఎన్‌గేజ్-ఎఫ్ తానే.

మే నెలలో పార్సిల్ వచ్చేసరికి జెల్ ప్యాకులు కరిగిపోయాయి. ప్రొటీన్ పోయినట్టేనా?

పొడి రూపంలో వచ్చిందా, ద్రవంగా వచ్చిందా అన్నది ముందు చూడండి. చల్లబరిచి ఎండబెట్టిన పొడి, మూత గట్టిగా ఉంటే, దారిలో కొద్దిరోజుల వేడిని తట్టుకుంటుంది. చాలా కంపెనీలు పొడిని మామూలు ఉష్ణోగ్రతలోనే పంపుతాయి. దానికి భయం తడి వల్లే ఎక్కువ. అందుకే చల్లని ట్యూబును వెంటనే తెరవకండి, గది వేడికి వచ్చేదాకా 20 నిమిషాలు ఆగండి. లేదంటే గాలిలోని తేమ పొడి మీద చేరుతుంది, వానాకాలంలో మరీను.

ద్రవ రూపంలో డ్రై ఐస్ మీద రావాల్సినది కరిగి చేరితే సంగతి వేరు. ఫొటో తీసి, తేదీ, సమయం రాసి, వెంటనే కంపెనీకి తెలపండి. ఈలోగా మళ్ళీ గడ్డకట్టించకండి, 4 డిగ్రీల దగ్గర పెట్టండి.

హైదరాబాద్ నుంచి వరంగల్ 150 కిలోమీటర్ల లోపే, దారిలో నిజానికి పోయే కాలం తక్కువ. డబ్బా పాడయ్యేది గోదాంలో, లేదంటే మన ఆఫీసు బల్ల కింద. ఆర్డర్ సోమ, మంగళవారాల్లో బయలుదేరేలా అడగండి. శుక్రవారం సాయంత్రం చేరిన డబ్బా సోమవారం పొద్దున దాకా ఎవరి కంటా పడదు. దసరా, బతుకమ్మ సెలవుల వారాన్ని, రెండేళ్ళకోసారి మేడారం జాతర జరిగే రోజుల్ని వదిలేయండి. జాతరప్పుడు ములుగు వైపు రోడ్లన్నీ నిండిపోయి ఉంటాయి. పార్సిల్ మీద విభాగం పేరు ఒక్కటే కాకుండా, తీసుకునే మనిషి ఫోన్ నంబరు కూడా ఉండాలి.

ట్యూబు ఖాళీగా కనిపిస్తోంది. పొడి ఏది? ఎలా కరిగించాలి?

100 మైక్రోగ్రాములంటే ఉప్పుకల్లు పాటి కూడా కాదు. కంటికి కనిపించే తెల్లటి పొర చాలావరకు ట్రెహలోజ్, లవణాలు. అది మూతకు అంటుకుని ఉండొచ్చు కాబట్టి తెరిచే ముందు మైక్రోసెంట్రిఫ్యూజ్‌లో అర నిమిషం తిప్పండి. ఇది చేయకపోతే మూత తీయగానే సగం ప్రొటీన్ చేతి తొడుగు మీదకు పోవచ్చు.

దేనిలో కరిగించాలో సర్టిఫికెట్ చూసి తేల్చుకోండి. పీబీఎస్ అనే ఫాస్ఫేట్ లవణ బఫర్‌లో ఎండబెట్టిన పొడికి నీళ్ళు పోస్తే పీబీఎస్ తిరిగి వస్తుంది. అదే పొడికి పీబీఎస్ పోస్తే లవణం రెట్టింపు దాకా పోవచ్చు. ఎలైసాలో అది పెద్దగా తెలియదు కానీ కణాల మీద, ఎస్‌పీఆర్‌లో తేడా కొడుతుంది.

100 మైక్రోగ్రాముల ట్యూబుకు 400 మైక్రోలీటర్లు పోస్తే మిల్లీలీటరుకు 250 మైక్రోగ్రాములు అవుతుంది. ద్రవాన్ని గోడల వెంట నెమ్మదిగా వదలండి, మూత పెట్టి గదిలో 15 నుంచి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి, తర్వాత ట్యూబును నాలుగైదు సార్లు తలకిందులు చేయండి. వోర్టెక్స్ వద్దు. పైపెట్‌తో నురగ వచ్చేలా కొట్టడం కూడా వద్దు. గాలీ నీళ్ళూ కలిసే చోట ప్రొటీన్ మడత విప్పుకుని ముద్ద కడుతుంది. చివరికి తెల్లటి నూగు కనిపిస్తే దాన్ని తీసేసి, పైన తేటగా ఉన్న ద్రవాన్ని మళ్ళీ కొలిచి వాడండి.

ల్యాబు డిస్టిల్డ్ వాటర్ వాడొచ్చా?

ఎలైసాకైతే వాడొచ్చు. కణాల మీద పోసేదైతే వద్దు. బోరు నీళ్ళతో నడిచే డిస్టిలేషన్ యూనిట్‌లో పొలుసు కడుతుంది, పట్టిన క్యానులో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆటోక్లేవ్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది కానీ వాటి పైపొర నుంచి వచ్చిన ఎండోటాక్సిన్‌ను 121 డిగ్రీలు ఏమీ చేయవు. గాజు సామానుకైతే 250 డిగ్రీల పొడి వేడి, అరగంట కావాలి.

చవకైన దారి ఒకటుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ ఏ మెడికల్ షాపులో అడిగినా ఇంజెక్షన్‌కు వాడే స్టెరైల్ వాటర్ ఆంప్యూళ్ళు దొరుకుతాయి. ఆ నీళ్ళకు ఎండోటాక్సిన్ హద్దు ఉంటుంది. బెంజైల్ ఆల్కహాల్ కలిపిన రకం కాకుండా చూసుకోండి. తెరిచిన ఆంప్యూల్ మిగిలితే పారేయండి, రేపటికి దాచకండి.

కరిగించాక ఎక్కడ దాచాలి? కరెంటు పోతే?

20 నుంచి 50 మైక్రోలీటర్ల చొప్పున, ఒక్కోసారి వాడకానికి సరిపడా, లో-బైండ్ ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. 10 మైక్రోలీటర్ల కంటే తక్కువ వద్దు, గోడలకు అంటుకునే వంతు పెరిగిపోతుంది. వారంలో వాడేసేదైతే గడ్డకట్టించకుండా 4 డిగ్రీల దగ్గరే ఉంచడం మేలు. ఒకసారి కరిగిన ట్యూబును తిరిగి మైనస్ 80లోకి పంపకండి.

గడ్డకట్టేటప్పుడు చెడిపోవడానికి ఒక కారణం చాలామందికి తట్టదు. సోడియం ఫాస్ఫేట్ బఫర్ నెమ్మదిగా గడ్డకడుతుంటే అందులోని ఒక లవణం ముందే స్ఫటికమై విడిపోతుంది, మిగిలిన ద్రవం పీహెచ్ బాగా పడిపోతుంది. అందుకే ట్యూబులను మైనస్ 20లో మెల్లగా కాకుండా, డ్రై ఐస్ మీదో ద్రవ నైట్రోజన్‌లోనో ఒక్కసారిగా గడ్డకట్టించి మైనస్ 80కి మార్చండి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ పైఅరలో అసలు పెట్టకండి. అది మంచు పేరుకోకుండా రోజూ తనంతట తానే వేడెక్కి చల్లబడుతుంది, ట్యూబు లోపల రోజుకో కరుగుడు.

కరెంటు పోయినప్పుడు మైనస్ 80 తలుపు తెరవడమే పెద్ద తప్పు. నిండా ఉన్న ఫ్రీజర్ గంటల తరబడి చలి నిలుపుకుంటుంది, ఖాళీది త్వరగా వేడెక్కుతుంది. ఖాళీ అరల్లో నీళ్ళు నింపిన సీసాలు గడ్డకట్టించి పెట్టుకోండి. మూడొంతులకు మించి నింపొద్దు, పగులుతాయి. ప్రొటీన్ సగం ట్యూబులను వేరే విభాగం ఫ్రీజర్‌లో, వేరే లైను మీద ఉన్నదాంట్లో దాచడం మంచి అలవాటు.

బీఎస్‌ఏ కలపమని ఒకరు, వద్దని ఒకరు అంటారు. ఏది నిజం?

ఎందుకు వాడబోతున్నారన్న దాన్ని బట్టి రెండూ నిజమే. పలుచగా ఉన్న ప్రొటీన్ ట్యూబు గోడకు అంటుకుపోకుండా 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తపు అల్బుమిన్ ప్రొటీన్) కాపాడుతుంది. కణాల ప్రయోగాలకు అది మంచిదే.

ప్లేటు మీద పూయడానికి మాత్రం కలపకండి. లెక్క చూడండి: 0.1 శాతం అంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము. 250 మైక్రోగ్రాముల స్టాక్‌ను 2కు పలుచన చేస్తే, అంటే 125 రెట్లు, బీఎస్‌ఏ ఇంకా 8 మైక్రోగ్రాములు మిగులుతుంది. మీ ప్రొటీన్ కంటే నాలుగింతలు. ప్లేటు మీది చోటంతా అదే ఆక్రమిస్తుంది. బయోటిన్ తగిలించడానికి, ఎస్‌పీఆర్‌కు, 280 నానోమీటర్ల దగ్గర కొలవడానికి కూడా బీఎస్‌ఏ అడ్డమే. కొనేటప్పుడే క్యారియర్-ఫ్రీ (బీఎస్‌ఏ లాంటివి కలపనిది) అని అడగండి.

పనిచేసే ఎలైసా పద్ధతి ఒకటి చెప్పండి.

పీడీ-ఎల్1 హిస్‌ను పీబీఎస్‌లో మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములుగా చేసి, హై-బైండింగ్ ప్లేటులో వెల్‌కు 100 మైక్రోలీటర్లు పోసి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచండి. పూర్తి ప్లేటుకు 10 మిల్లీలీటర్లు, అంటే 20 మైక్రోగ్రాములు కావాలి. 100 మైక్రోగ్రాముల ట్యూబుతో ఐదు ప్లేట్లు మించవు. ప్రణాళిక ఆ లెక్కన వేసుకోండి. ఒక వరుస వెల్స్‌ను ప్రొటీన్ లేకుండా ఉత్త పీబీఎస్‌తో వదలండి.

మరునాడు 0.05 శాతం ట్వీన్-20 కలిపిన పీబీఎస్‌తో మూడుసార్లు కడిగి, 2 శాతం బీఎస్‌ఏ 200 మైక్రోలీటర్లు గంటసేపు ఉంచండి. మళ్ళీ కడిగాక పీడీ-1 ఎఫ్‌సీని 10 మైక్రోగ్రాముల నుంచి మూడింతల పలుచనలతో ఎనిమిది మెట్లు పోయండి, గంట. కడిగి, హెచ్‌ఆర్‌పీ (రంగు తెప్పించే ఎంజైమ్) ఉన్న యాంటీ-హ్యూమన్ ఎఫ్‌సీ యాంటీబాడీ 45 నిమిషాలు. ఈసారి ఐదుసార్లు కడగండి. టీఎంబీ (ఆ ఎంజైమ్ వల్ల రంగు మారే ద్రవం) 100 మైక్రోలీటర్లు, 10 నుంచి 15 నిమిషాలు చీకట్లో. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మైక్రోలీటర్లతో ఆపి, 450 నానోమీటర్ల దగ్గర చదివి, 570 దగ్గరి విలువను అందులోంచి తీసేయండి.

పద్ధతుల్లో 'గది ఉష్ణోగ్రత' అని రాసింది 22 నుంచి 25 డిగ్రీల గురించి. ఏసీ లేని మన ల్యాబులో ఏప్రిల్, మే మధ్యాహ్నం 35 దాటుతుంది. టీఎంబీ అప్పుడు ఐదు నిమిషాలకే నిండిపోతుంది, అంచు వెల్స్ ఆరిపోయి ఎక్కువ చూపిస్తాయి. చల్లబరచగల బీఓడీ ఇంక్యుబేటర్‌ను 25కు పెట్టి అన్ని మెట్లూ అందులోనే చేయండి. ప్లేటును తడి టిష్యూ పరిచిన మూత డబ్బాలో ఉంచండి.

సిగ్నల్ రాలేదు. లేదా అన్ని వెల్స్‌లోనూ రంగు వచ్చింది.

అసలు రాకపోతే బఫర్లలో సోడియం అజైడ్ ఉందేమో చూడండి, అది హెచ్‌ఆర్‌పీని ఆపేస్తుంది. తర్వాత హెచ్‌ఆర్‌పీ యాంటీబాడీ ఒక చుక్కను నేరుగా టీఎంబీలో వేయండి. నీలం వస్తే రంగు వ్యవస్థ బాగానే ఉంది, లోపం ముందు మెట్లలో ఉంది. యాంటీ-హిస్ యాంటీబాడీతో ప్లేటు మీద పూత పడిందో లేదో విడిగా తేల్చుకోండి.

అన్నింట్లో వస్తే పూత లేని వరుస చూడండి. అక్కడా రంగు ఉంటే బ్లాకింగ్ చాలలేదు లేదా రెండో యాంటీబాడీ ఎక్కువైంది. బయోటిన్, దాన్ని గట్టిగా పట్టే స్ట్రెప్టావిడిన్ వాడే అమరికలో పాలపొడితో బ్లాక్ చేయకండి, పాలలో బయోటిన్ ఉంటుంది.

పసుపు, తంగేడు లాంటి మొక్కల సారాలు పీడీ-1ను అడ్డుకుంటాయా అని చూడాలి. డాకింగ్ స్కోరు బాగా వచ్చింది.

డాకింగ్ అంటే అణువును ప్రొటీన్‌కు కంప్యూటర్‌లో జతచేసి చూడడం; ఆ స్కోరు ప్రయోగానికి కారణం అవుతుంది, ఫలితం కాదు. పైగా ఈ జత కలిసే చోటు లోతైన గుంట కాదు, చదునైన నేల. అక్కడ చిన్న అణువు కూర్చోవడం కష్టం. బాగా అధ్యయనమైన బీఎంఎస్-202 లాంటి అణువులు రెండు పీడీ-ఎల్1 అణువులను దగ్గరికి లాగి, వాటి మధ్య ఏర్పడిన సొరంగంలో కూర్చుంటాయి. ఒంటి పీడీ-ఎల్1 మీద డాకింగ్ చేస్తే ఈ సొరంగమే ఉండదు.

మొక్కల సారాల్లో మోసపోయే దారులు చాలా ఉన్నాయి. తంగేడు బెరడుతో తోళ్ళు పదును చేసేది ఎందుకో గుర్తు తెచ్చుకోండి: అందులోని టానిన్లు ఏ ప్రొటీన్‌నైనా పట్టి ముద్ద చేస్తాయి. పీడీ-1 ఒక్కటే కాదు, ప్లేటు మీది అన్నీ ఆగిపోతాయి. పసుపులోని కర్క్యుమిన్ 450 నానోమీటర్ల దగ్గర తానే కాంతిని పీలుస్తుంది. యాంటీఆక్సిడెంట్లు మిగిలి ఉంటే టీఎంబీ రంగును వెనక్కి లాగేస్తాయి, అది నిరోధంలా కనబడుతుంది. కాబట్టి సారాన్ని పూర్తిగా కడిగాకే టీఎంబీ పోయండి, సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ 1 శాతం దాటనివ్వకండి, 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 కలిపి మళ్ళీ చేసి చూడండి. ఆ కొద్ది డిటర్జెంట్‌తోనే నిరోధం మాయమైతే అది గుంపుకట్టిన అణువుల పని. సంబంధం లేని ఇంకో ప్రొటీన్ జత మీద అదే సారం పోసి, అక్కడ ఏమీ జరగలేదని చూపించాలి. ఈ ఒక్క కంట్రోల్ లేని పేపరును నమ్మడం కష్టం.

పాజిటివ్ కంట్రోల్‌కు ఎంఐహెచ్1 అనే ఎలుక యాంటీబాడీ క్లోన్ సరిపోతుంది. అటెజోలిజుమాబ్ (మానవ ఎఫ్‌సీ ఉన్న పీడీ-ఎల్1 యాంటీబాడీ మందు) వాడితే పైన చెప్పిన యాంటీ-హ్యూమన్ ఎఫ్‌సీ దాన్నే పట్టుకుంటుంది, అడ్డుకోవాల్సిన చోట రంగు పెరుగుతుంది. అప్పుడు బయోటిన్ ఉన్న పీడీ-1, స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ అమరికకు మారాలి.

టీ కణాల మీద పోశాం. ఏ నిరోధమూ కనిపించలేదు.

'పోశాం' అన్న మాటలోనే చిక్కుంది. ద్రవంలో తేలే పీడీ-ఎల్1 నమ్మకంగా పనిచేయదు. టీసీఆర్ (టీ కణాన్ని మేల్కొలిపే గ్రాహకం), పీడీ-1 ఒకే చోట కలిసేలా ప్లేటు మీదో బీడ్ల మీదో యాంటీ-సీడీ3తో కలిపి పూయాలి. ఓకేటీ3 (యాంటీ-సీడీ3 యాంటీబాడీ) మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము, పీడీ-ఎల్1 ఎఫ్‌సీ 10 మైక్రోగ్రాములు కలిపి వెల్‌కు 100 మైక్రోలీటర్లు, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర. రెండుసార్లు పీబీఎస్‌తో కడిగి లక్ష టీ కణాలు 200 మైక్రోలీటర్లలో వేయండి. ఐఎల్-2ను 24 గంటలకు, ఇంటర్‌ఫెరాన్-గామాను 48 నుంచి 72 గంటల మధ్య, కణాల విభజనను చూపే రంగు సీఎఫ్‌ఎస్‌ఈని నాలుగో రోజు చూడండి.

ఓకేటీ3 ఎక్కువైతే ఏ బ్రేకూ పట్టదు. ముందు 0.1 నుంచి 2 మైక్రోగ్రాముల దాకా మెట్లు వేసి, గరిష్ఠంలో సగం ప్రేరణ వచ్చే చోటు ఎంచుకోండి. విశ్రాంతిలో ఉన్న టీ కణం మీద పీడీ-1 దాదాపు ఉండదు, ప్రేరణ తర్వాత ఒకటి రెండు రోజులకు వస్తుంది. టీ కణాలను ప్రేరేపించే మొక్క ప్రొటీన్ పీహెచ్‌ఏతో రెండు మూడు రోజులు మేల్కొలిపి, ఒకరోజు విశ్రాంతినిచ్చి, ఫ్లో సైటోమెట్రీలో పీడీ-1 చూసుకున్నాకే ప్లేటులో వేయండి.

కంట్రోల్ వెల్‌లో పీబీఎస్ చాలదు. 10 మైక్రోగ్రాముల ఇంకో ప్రొటీన్ చేరితే ప్లేటు మీద ఓకేటీ3 పట్టే చోటు తగ్గుతుంది, దానివల్లే ప్రేరణ పడిపోతుంది. అందుకని అంతే బరువు మానవ ఐజీజీ1 ఎఫ్‌సీ పూసిన వెల్స్ తప్పనిసరి. ఆ రెంటి మధ్య తేడాయే పీడీ-ఎల్1 చేసిన పని.

సర్టిఫికెట్‌లో ఎండోటాక్సిన్ మైక్రోగ్రాముకు 1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) లోపు అని ఉంది. అది తక్కువేనా?

వినడానికి తక్కువ. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు వాడితే 10 ఈయూ దాకా చేరవచ్చు, అంటే సుమారు 1 నానోగ్రాము ఎల్‌పీఎస్ (ఎండోటాక్సిన్‌కే ఇంకో పేరు). మోనోసైట్లు ఉలిక్కిపడడానికి అది చాలు. శుద్ధి చేసిన టీ కణాలతో ఇబ్బంది తక్కువ, పీబీఎంసీ (మోనోసైట్లు కూడా ఉన్న రక్తపు తెల్లకణాల మిశ్రమం) మొత్తంగా వాడితే మైక్రోగ్రాముకు 0.1 ఈయూ లోపు ఉన్న బ్యాచ్ అడగండి. ప్రొటీన్‌ను 95 డిగ్రీల దగ్గర ఉడికించిన వెల్ ఒకటి పెట్టుకోండి. ఉడికినా అదే ప్రభావం కనిపిస్తే అది ఎండోటాక్సిన్ చేసిన పని, పీడీ-ఎల్1ది కాదు.

ఎలుక టీ కణాల మీద పనిచేస్తుందా?

మానవ పీడీ-ఎల్1 ఎలుక పీడీ-1కు అతుక్కుంటుంది. 2008లో వచ్చిన మొదటి జంట నిర్మాణం ఆ మిశ్రమ జతదే. కానీ యాంటీబాడీలు అలా కాదు, ఒక్కో క్లోన్‌కు విడిగా చూసుకోవాలి.

ల్యాబులోనే బయోటిన్ తగిలించుకోవచ్చా?

ఎన్‌హెచ్‌ఎస్-బయోటిన్ లైసిన్లకు అతుక్కుంటుంది. పీడీ-1 తాకే చోటును ఆనుకుని 124వ స్థానంలో ఒక లైసిన్ ఉంది. ఎక్కువ బయోటిన్ వేస్తే ఆ చోటే మూసుకుపోతుంది. ఒక ప్రొటీన్ అణువుకు మూడు నుంచి ఐదు బయోటిన్ అణువుల నిష్పత్తి దాటకండి, ముందు ట్రిస్, గ్లైసిన్, అజైడ్ లేకుండా డయాలసిస్ చేయండి. స్థోమత ఉంటే ఎవి-ట్యాగ్ ఉన్న రూపం కొనండి, బయోటిన్ ఒకే చోట, ఒకే సంఖ్యలో ఉంటుంది.

ఏ అనుమతులు కావాలి?

ఇది పరిశోధన సరుకు. మనుషులకు, రోగ నిర్ధారణకు వాడకూడదు. దాతల రక్తం తీసుకుంటే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత సంతకం రక్తం తీయకముందే ఉండాలి. ప్లాస్మిడ్ తెచ్చి మీరే కణాల్లో తయారుచేస్తే సంస్థ బయోసేఫ్టీ కమిటీకి వెళ్ళాలి.

కొత్త బ్యాచ్ వచ్చింది. పాత ఫలితాలతో కలపొచ్చా?

పాత బ్యాచ్ ఒక ట్యూబు మిగిల్చుకుని, ఒకే ప్లేటు మీద రెండింటి గీతలు గీయండి. సగం సిగ్నల్ వచ్చే గాఢత రెండింతల లోపు తేడాతో ఉంటే కొనసాగించొచ్చు. గాఢతను లేబుల్ చూసి నమ్మకుండా 280 దగ్గర కొలవండి. ఎక్స్‌టింక్షన్ గుణకాన్ని (కాంతి శోషణను గాఢతగా మార్చే సంఖ్యను) మీ ముక్క వరుసను, ట్యాగ్‌తో సహా, ప్రోట్‌పరామ్ అనే వెబ్ పరికరంలో వేసి తీసుకోండి. అందులో వచ్చే బరువులో చక్కెరలు ఉండవు, కాబట్టి ఆ కొలత ప్రొటీన్ భాగానిదే. నోట్‌బుక్‌లో క్యాటలాగు సంఖ్య పక్కన లాట్ సంఖ్య, కరిగించిన తేదీ, ఎన్నో ట్యూబు అన్నవి రాయండి. ఆర్నెల్ల తర్వాత గీత పక్కకు జరిగితే మొదట వెతికేది ఆ మూడింటినే.